ఆయప్ప తర్వాత

రాయదుర్గంలో ఒగ జీన్సు ప్యాంటుకు
నా చేతిలో పడేది ఎడమ జేబు ఒక్కటే.
పొద్దు గూకేలోగా రెండువందల ఎడమ జేబులు.
కుడి జేబులు హుసేనమ్మవి.
ఆ ప్యాంట్లు ఎవురు తొడుక్కుంటారో,
జేబుల్లో ఏం పెట్టుకుంటారో మాకు తెలీదు.
నా రైకలో మాత్రం
నాలుగు మడతల కాయితం ఒకటి.

పాప టీసీ జిరాక్సు అది.
అసలుది ఎర్రిస్వామి కాడుంది.
ఆరేండ్లు బళ్లారిలో యాడుండెనో తెలీని మనిషి
ఒగ మంగళారం వచ్చి
పాప ఏ క్లాసో హెడ్మాస్టర్నే అడిగి
సంతకం పెట్టి ఎత్తకపోయినాడు.
మా నాయన నాకిచ్చిన రెండు సెంట్లు
వాని పేరున రాస్తే తిరిగిస్తాడంట.

"నన్నొక మాట అడగల్ల గదా సార్" అంటే
"తండ్రి గదమ్మా, రూలు" అన్నాడు హెడ్మాస్టరు.
చెడ్డోడేం కాదు.
ఫ్యాను నా దిక్కు తిప్పినాడు.

అనంతపురం కోర్టు ముందర టీ అంగట్లో
గుల్జార్ వకీలమ్మ పుస్తకం తీసి చదివింది:
మైనరుకు గార్డియను తండ్రి,
ఆయన తర్వాత తల్లి.
మల్లొకసారి చదవమంటి. చదివింది.
తర్వాత.
ఎంత తర్వాత మేడం?
ఒగ పగలు, ఒగ రాత్రి పడిన నొప్పుల తర్వాతనా,
డెంగీ వార్డులో మంచం కింద తొమ్మిది రాత్రుల తర్వాతనా,
ఊడిన పాలపన్ను మిద్దె మీదికి ఇసిరినాక, ఆ తర్వాతనా?
అన్నిట్లో నేనే ముందుంటి.
కాయితంలో ఎట్ల ఎనకబడితి?

వకీలమ్మ అద్దాలు తుడుచుకుండె.
పెద్దకోర్టు ఆ మాటకు అర్థం మార్చి శానా ఏండ్లాయనంట.
తర్వాత అంటే ఆయప్ప సచ్చినాకనే అని కాదు,
పట్టించుకోనోడు ల్యానట్లే లెక్క అనిందంట.
ఢిల్లీలో అర్థం మారింది.
మా బడి ఫారంలో గడి మారలే.

అందుకే రెండు దావల్లో నడుస్తాండా.
ఒగటి కోర్టు. ఆరు వాయిదాలు.
జడ్జి లీవు, ఎలక్షన్ డ్యూటీ, సమన్లు అందలే,
ఒగసారి కరెంటు పోయె, అంతే.

ఇంగొకటి ఎమ్మెల్యే ఇల్లు.
బడి ఫారం మన రాష్ట్రం చేతిలోదేనంట,
తల్లికొక గడి పెట్టనీకె ఢిల్లీకి పోబల్లేదంట.
కార్ఖానాలో ముప్పై ఏడుమంది ఆడోళ్లం
అర్జీ రాపిచ్చుకోని పోతిమి.
పీయే బుక్కు తెరిచినాడు:
పింఛనా, ఇంటిపట్టానా, బోరా?
"ఒగ మాట మార్పియ్యల్ల సార్."
పెన్ను ఆగిపోయె.
ఆ బుక్కులో మాటకు గడి లేదు.
ఇతరములు అని రాసుకునె.
అసెంబ్లీ మొదలైతే సూద్దామనె.
మొదలాయె, అయిపాయె.
హుసేనమ్మ ఇంట్లో టీవీ ముందర కూసోని సూస్తిమి,
ఎవురెవురో లేచి అరిసిరి,
మా మాట మాత్రం లేయలే.
మల్లా పోతిమి. ఈసారి యాభై రెండు సంతకాలు.

జేబు కుట్టు వంకర పోతే
మేస్త్రీ మొగాన కొడతాడు.
కూటి బెల్లు కొట్టేలోగా ఇప్పి మల్లా కుట్టియ్యల్ల.
చట్టం కుట్టినోళ్లకు మేస్త్రీ ఎవురో!

వర్షిత నాలుగు నెల్లుగా
నా మిషను కింద కూసోని దారాలు కత్తిరిస్తాంది.
జేబుకు రూపాయిన్నర,
రెండువందల జేబులు పోతే ఒగ వాయిదా,
ఆరు వాయిదాలకు ఎంత మా? అనె.
నేను ఏళ్లు ముడిసేలోగా
పద్దెనిమిది నూర్లు, అని అదే చెప్పె.
టీసీ ల్యాని పిల్ల.

రాత్రి ఆ చట్టం కాపీ తీసి
కుట్టుసుద్దతో
తర్వాత అనే మాట మీద గీత గీస్తా.
బస్సులో మడతలు రాసుకోని, చెమటకు,
అనంతపురం పోయేలోగా గీత రాలిపోతాది.
వకీలమ్మ నవ్వుతాది, సుద్ద నిలస్తాదా తిప్పమ్మా అని.

నిలవనీకె గీసేది కాదు మేడం సుద్ద.
కత్తెర యాడ పడల్లో చెప్పనీకె.

వాయిదా పద్దెనిమిదో తేదీ.
ఆ పొద్దు నా ఎడమ జేబులు
హుసేనమ్మ కుడతానంది.